సిగ్నల్ దగ్గర ఆగిపోయే పాత ఒమ్నీ: ఇంజిన్ ఎక్కడ దొంగగాలి లాగుతోందో పట్టుకునే పద్ధతి

మా నాన్న షామియానా సామాను తిప్పే 2007 మారుతి ఒమ్నీ ఒక వేసవిలో మొండికేసింది. గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, రెండుసార్లు వణికి ఆగిపోయేది. పెట్రోలుకు మారిస్తే ఏ జబ్బూ లేనట్టు తిరిగేది. ఖమ్మంలో మూడు షెడ్లు తిరిగాం. ఒకచోట ప్లగ్గులు మార్చారు. ఇంకోచోట వేపరైజర్‌కు, అంటే ద్రవంగా వచ్చే గ్యాస్‌ను ఆవిరి చేసే డబ్బాకు, రిపేరు కిట్టు వేశారు. మూడోచోట సిలిండర్లు అరిగిపోయి ఇంజిన్ బోరుకు వచ్చిందని తేల్చేశారు. చివరికి దొరికింది ఏమిటంటే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి ద్వారానికి) వచ్చే రబ్బరు బూటు అడుగున, మడత లోపల, అంగుళంన్నర పొడవున్న చీలిక. బూటును చేత్తో వంచితే తప్ప అది కనబడదు. వంచగానే చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది.

ఆ బూటు ఖరీదు అప్పటికే మార్చిన ప్లగ్గుల ఖరీదు కంటే తక్కువ. అప్పటి నుంచి పాత వ్యాను ఆగిపోతోందని ఎవరు చెప్పినా నేను అడిగే మొదటి మాట ఒక్కటే: విడిభాగాలు మార్చే ముందు గాలి సంగతి చూశారా? ఇంట్లో ఉండే సామానుతో, ఒక ఆదివారం పూట, ఆ పని మీరే చేసుకునే వరస ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఒమ్నీవి. అయినా మరే పాత పెట్రోలు వ్యానుకైనా వరస ఇదే. డీజిల్ బండ్లకు మాత్రం ఇందులోని చాలా పరీక్షలు పనికిరావు, వాటిమీద ప్రయత్నించకండి.

మీ వ్యాను గాలిని ఎలా లెక్కపెడుతుంది?

ఇది తెలియకుండా స్పానర్ పట్టుకుంటే సగం రోజు వృథా. 1984లో మారుతి వ్యాను పేరుతో వచ్చి, 1988లో ఒమ్నీ అయి, 2019 దాకా తయారైన ఈ బండిలో ముందు సీట్ల కింద ఉండేది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. ఇంధనం అందించే పద్ధతి మాత్రం మారింది. పాతవాటిలో గాలి జోరుతోనే పెట్రోలు కలిపే కార్బురేటర్, తర్వాతివాటిలో కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్ల ద్వారా పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ. వీటికి తోడు చాలా బండ్లలో ఎల్పీజీ లేదా సీఎన్జీ కిట్టు ఉంటుంది.

ఒక కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఐడ్లింగ్‌లో, అంటే మెకానిక్కులు ‘స్లో’ అనే స్థితిలో, థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. కాబట్టి థ్రాటిల్‌కూ సిలిండర్లకూ మధ్య ఉన్న ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అనే గొట్టాల సముదాయంలో వాక్యూమ్, అంటే గాలిని లాగే పీల్పు, బాగా ఎక్కువగా ఉంటుంది. అక్కడ చిన్న చీలిక ఉన్నా బయటి గాలి జోరుగా లోపలికి దూరుతుంది. పైగా అప్పుడు ఇంజిన్ పీల్చే మొత్తం గాలే తక్కువ కనుక అందులో ఈ దొంగగాలి వాటా పెద్దదవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, మొత్తం గాలి పెరుగుతుంది, దొంగగాలి లెక్కలోకి రాకుండా పోతుంది. గాలి లాగే ఇంజిన్ సిగ్నల్ దగ్గర ఆగిపోయి, హైవే మీద బుద్ధిగా నడవడానికి కారణం ఇదే.

ఇక ఒక్కో పద్ధతికీ ఒక్కో లక్షణం ఉంటుంది.

కార్బురేటర్ బండిలో దొంగగాలి వస్తే మిశ్రమం పలచనవుతుంది. ఇంజిన్ వణుకుతుంది, ఆగుతుంది. గాలిని తగ్గించే చోక్‌ను కొంచెం లాగితే కుదుటపడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా చోక్‌తోనే నిలబడుతోందంటే గాలి మీద అనుమానం గట్టిపడ్డట్టే. ఐడ్లింగ్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం, అంటే ఐడిల్ జెట్టు, మూసుకుపోయినా ఇదే లక్షణం వస్తుంది కాబట్టి ఇంకా తీర్పు చెప్పకూడదు.

ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న బండిలో మీటర్ దాటాక ఎక్కడ చీలిక ఉన్నా ఆ గాలి లెక్కలోకి రాదు. కంప్యూటర్ తక్కువ పెట్రోలు పోస్తుంది, ఇంజిన్ ఆగుతుంది. ఇలాంటి బండ్లలో థ్రాటిల్‌కు ముందున్న రబ్బరు బూటు చీలినా ఇబ్బందే.

ఒమ్నీ ఎంపీఎఫ్ఐలో ఉన్నది మ్యాప్ సెన్సార్. అది గాలి రాకను కొలవదు, మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలుస్తుంది. దొంగగాలి వస్తే పీడనం పెరుగుతుంది. సెన్సార్ దాన్ని చూస్తుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. అందుకే ఇలాంటి బండి గాలి లాగినప్పుడు తరచుగా ఆగిపోదు, ఐడ్లింగ్ పెరిగిపోతుంది, లేదా ఊయలలా పైకీ కిందికీ ఊగుతుంది. ఊగడానికి కారణం ఉంది. కాలు యాక్సిలరేటర్ మీద లేకుండా ఇంజిన్ వేగం ఎక్కువగా కనబడితే కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది, వేగం పడిపోగానే మళ్లీ పోస్తుంది. చీలిక ఒకే సిలిండర్ దారిలో ఉంటే ఆ ఒక్కదానిలో మిశ్రమం పలచబడి, సరిగా మండక మిస్సింగ్ వస్తుంది. ఇలాంటి బండిలో థ్రాటిల్‌కు ముందున్న బూటు చీలితే పెట్రోలు మీద ఏ తేడా తెలియదు. వడపోయని దుమ్ము మాత్రం నేరుగా సిలిండర్లలోకి పోయి పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

మరి మా బండి గ్యాస్ మీద ఎందుకు ఆగింది? మా కిట్టులో గ్యాస్ కలిపే మిక్సర్ థ్రాటిల్‌కు ముందు, ఆ గాలి దారిలోనే బిగించి ఉంది. మిక్సర్ సన్నని గొంతులోంచి పోయే గాలి జోరే గ్యాస్‌ను లాగుతుంది. మిక్సర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య బూటు చీలితే కొంత గాలి ఆ గొంతును తప్పించుకుని అడ్డదారిన వస్తుంది. గ్యాస్ తక్కువ, గాలి ఎక్కువ. పెట్రోలుకు మార్చగానే మ్యాప్ సెన్సార్‌కు ఆ చీలికతో పనే లేదు, కాబట్టి బండి బాగుంటుంది. ‘గ్యాస్ మీదే ఆగుతోంది, కాబట్టి వేపరైజర్ పోయింది’ అన్న తీర్పు మాకు రెండు వారాలు, చాలా డబ్బు ఖర్చు చేయించింది.

మూడు రోజులు రాసుకోండి

డ్యాష్‌బోర్డు మీద చిన్న నోటుబుక్ పెట్టుకోండి. బండి ఆగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, పెట్రోలా గ్యాసా, కాలు ఎక్కడుంది, ఎలా ఆగింది. నాలుగోది అన్నిటికంటే విలువైనది.

తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగితే అనుమానం కరెంటు మీదికి పోవాలి. ఇగ్నిషన్ కాయిల్, సెన్సార్, రిలే, బ్యాటరీ ఎర్తు తీగ, తాళం స్విచ్చి వంటివి. వేడెక్కాక ఆగి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే కాయిల్, సెన్సార్ ముందు వరసలో ఉంటాయి. ఎక్కుడు ఎక్కుతూ, లేదా వేగంగా పోతూ బలం చాలక దగ్గి, ముక్కి ఆగితే ఇంధనం అందడం లేదు: ఫిల్టర్, పంపు, ట్యాంకులోని నీరు, ఎండాకాలంలో కార్బురేటర్ బండి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడటం. కాలు తీసినప్పుడే వణికి ఆగుతూ, కొంచెం రేస్ చేస్తే నిలబడితే గాలి. బ్రేకు తొక్కినప్పుడే ఆగితే అదీ గాలే, దాని గురించి కింద వివరంగా చెబుతాను. పెట్రోలు నింపాక వెంటనే స్టార్ట్ కాకుండా మొరాయిస్తే, ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వు మూసుకోకుండా ఉండిపోయి ఉండవచ్చు.

గాలి ఎక్కువైనా ఆగుతుంది, తక్కువైనా ఆగుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఐడ్లింగ్‌కు కావలసిన గాలిని పక్కదారిన పంపే వాల్వులో మసి పేరుకుంటే ఇంజిన్‌కు ఊపిరాడదు. కాలు తీయగానే వేగం దిగిపోయి, మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా సున్నాకు వస్తుంది. ఇలాంటి బండికి థ్రాటిల్ బాడీ, ఆ వాల్వు దారి శుభ్రం చేయడమే మందు. చీలికల కోసం వెతికే ముందే ఈ పని చేసుకుంటే మంచిది. శుభ్రం చేసేటప్పుడు థ్రాటిల్ ప్లేటు ఆపు స్క్రూను ముట్టుకోకండి. ఐడ్లింగ్ నిలబడటానికి ఎవరో ఎప్పుడో ఆ స్క్రూ తిప్పిన బండ్లు చాలా ఉన్నాయి, అసలు జబ్బు దాని వెనక దాక్కుంటుంది.

ప్లగ్గులు ఇప్పి చూడటానికి ఇదే సమయం. మూడింటినీ వరసగా కాగితం మీద పెట్టండి. మూడూ లేత ఇటుక రంగులో ఉంటే మంచిది. ఒక్కటే తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే ఆ సిలిండర్ దారిలోనే గాలి లాగుతోందని నాకు అనుమానం వస్తుంది. మూడూ నల్లగా మసిబారి ఉంటే, పొగ నల్లగా వస్తుంటే, మ్యానిఫోల్డ్ నుంచి మ్యాప్ సెన్సార్‌కు రబ్బరు గొట్టం ఉన్న బండిలో ఆ సన్నని గొట్టాన్ని చూడండి. అది చీలితే సెన్సార్‌కు వాక్యూమ్ అందక, బండి ఎక్కుడు ఎక్కుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తుంది. మిశ్రమం చిక్కబడి ఇంజిన్ ఆగుతుంది.

మొదలుపెట్టే ముందు

ఇంజిన్ నడుస్తుండగా చేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి కాబట్టి ఈ భాగం దాటేయకండి. బండిని బయట, గాలి ఆడే చోట, చదునైన నేల మీద పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఒమ్నీలో సీటు ఎత్తితే ఇంజిన్ మీ ఒళ్లో ఉన్నట్టే, అందువల్ల తలుపులన్నీ తెరిచి ఉంచండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు. కండువా, చున్నీ, వేలాడే గొలుసు, వదులు చేతులు బెల్టుకు అందకూడదు. గ్యాస్ కిట్టు ఉంటే సిలిండర్ వాల్వు మూసి, పైపులో మిగిలిన గ్యాస్ అయిపోయేదాకా నడిపి, తర్వాత పెట్రోలుకు మార్చుకోండి. ఎల్పీజీ గాలికంటే బరువైనది, నేల మీద, బండి అడుగున పేరుకుంటుంది. వాసన వస్తే పని ఆపి, తాళం ముట్టుకోకుండా దూరం జరగండి.

అగరుబత్తి పొగ పెట్టి, పొగ ఎటు లాగుతుందో చూడమని చాలామంది చెబుతారు. దయచేసి వద్దు. పెట్రోలు ఆవిరి, గ్యాస్ ఉన్నచోట నిప్పు తీసుకెళ్లి వెతకడం కంటే బండి ఆగిపోవడమే నయం. కార్బురేటర్ క్లీనర్ చల్లి చూసే పద్ధతి కూడా షెడ్లలో వాడుకలో ఉంది. అదీ మండే ద్రవమే, వేడి సైలెన్సర్ పైపు పక్కనే చల్లాల్సి వస్తుంది. దానికి బదులు మంచినీళ్లు చాలు.

కావలసినవి: టార్చి, చిన్న అద్దం, ముఖం పొడవున్న ప్లయర్స్, పాత గుడ్డ, స్ప్రే సీసాలో నీళ్లు, అర మీటరు రబ్బరు గొట్టం, సబ్బు నీళ్లు, సైకిలు పంపు. వాక్యూమ్ గేజి ఉంటే ఇంకా మంచిది, ఖరీదైన వస్తువేమీ కాదు.

కన్ను, వేలు, చెవి

ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, థ్రాటిల్ బాడీ లేదా కార్బురేటర్ దగ్గర మొదలుపెట్టి దాని నుంచి బయలుదేరే ప్రతి గొట్టాన్నీ చివరిదాకా వేళ్లతో తడుముకుంటూ పోండి. బ్రేకు బూస్టర్ (వాక్యూమ్ సాయంతో బ్రేకును తేలిక చేసే డబ్బా) పైపు, పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిరిని మ్యానిఫోల్డ్‌లోకి పంపేది) పైపు, పర్జ్ పైపు, మ్యాప్ సెన్సార్ గొట్టం, కార్బురేటర్ బండిలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు పోయే అడ్వాన్స్ గొట్టం. ఒమ్నీ ఇంజిన్ సీటు కింద పెట్టెలో మూసినట్టు ఉంటుంది. ఎండాకాలంలో ఆ వేడికి రబ్బరు ఏళ్ల తరబడి ఉడుకుతుంది. మంచి గొట్టం నొక్కితే మెత్తగా వంగి మళ్లీ నిండుతుంది. పోయిన గొట్టం బెండులా గట్టిగా ఉంటుంది, లేదా నూనె తాగి ఉబ్బి మెత్తగా జారుతుంది.

చీలికలు గొట్టం మధ్యలో తక్కువ, చివర్లలో ఎక్కువ. క్లిప్పు బిగించిన చోట అంచు వెంట, వంపు బయటివైపు, ఇంజిన్ ఊగినప్పుడు కదిలే చోట చూడండి. చిన్న అద్దాన్ని అడుగున పెట్టి టార్చి వేయండి. మడతల బూటును రెండు చేతులతో పట్టుకుని సాగదీసి, మెలితిప్పి, ప్రతి మడత లోయలోకీ చూడండి. మా బూటు పైనుంచి కొత్తదానిలా మెరుస్తూ ఉండేది. ముగ్గురు మెకానిక్కులూ దాన్ని చూశారు, ఎవరూ వంచలేదు.

ఇక ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో వినండి. రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను అనుమానం ఉన్న చోట్ల తిప్పండి. గాలి లాగే చోట ‘స్స్’ అని సన్నటి ఈల స్పష్టంగా వినిపిస్తుంది. కొనను బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉంచండి.

నొక్కి చూడటం

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. ప్లయర్స్ ముఖానికి గుడ్డ చుట్టి, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా మ్యానిఫోల్డ్ నుంచి వచ్చే గొట్టాలను ఒక్కొక్కటిగా, మ్యానిఫోల్డ్‌కు దగ్గరగా నొక్కి మూయండి. మూసిన వెంటనే ఇంజిన్ తీరు మారి వణుకు తగ్గితే, లేదా ఊగుతున్న ఐడ్లింగ్ నిలబడితే, జబ్బు ఆ గొట్టంలో గానీ దాని చివరనున్న వస్తువులో గానీ ఉంది. గట్టిపడిన గొట్టాన్ని నొక్కితే అక్కడికక్కడే పగులుతుంది. అలాంటిది పరీక్షకు అర్హం కాదు, నేరుగా మార్చేయండి.

పీసీవీ గొట్టం నొక్కినప్పుడు వేగం కొద్దిగా తగ్గడం సహజం, ఎందుకంటే ఆ దారిన కొంత గాలి రావాల్సిందే. మార్పు పెద్దదైతే వాల్వు ఇప్పి ఊపండి. మంచి వాల్వు లోపల గింజ కదిలినట్టు గలగలమంటుంది. నూనె జిగురుతో ఇరుక్కుపోతే చప్పుడు చేయదు.

బ్రేకు బూస్టర్ సంగతి ప్రత్యేకం, ఇది ప్రాణాల విషయం. ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి వాక్యూమ్ ఖాళీ చేయండి. పెడల్‌ను తొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ బాగుంటే పెడల్ కాలి కింద కొంచెం దిగుతుంది. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టరే పోయింది. తర్వాత ఐడ్లింగ్‌లో బ్రేకు తొక్కి అలాగే పట్టుకోండి. ‘ఉస్’మంటూ శబ్దం ఆగకుండా వస్తూ ఇంజిన్ వణికితే, ఆగితే, బూస్టర్ లోపలి పొర చినిగింది. ఈ రెండింటిలో ఏది తేలినా ఆ బండిని సరి చేయించేదాకా రోడ్డెక్కించకండి.

నీటి తుంపర

గొట్టాలన్నీ బాగుంటే మిగిలింది ప్యాకింగులు: మ్యానిఫోల్డ్‌కూ సిలిండర్ హెడ్డుకూ మధ్య, థ్రాటిల్ బాడీ లేదా కార్బురేటర్ కింద, ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజెక్టర్ల రబ్బరు రింగుల చుట్టూ. స్ప్రే సీసాను సన్నని ధారకు తిప్పి ఒక్కో అతుకు మీద ఒక్క చల్లు చల్లి, అయిదు సెకన్లు ఆగి వినండి. నీరు చీలికను ఒక్క క్షణం మూస్తుంది, లేదా లోపలికి పీల్చబడుతుంది. రెండు విధాలుగానూ ఇంజిన్ శబ్దం మారుతుంది. మారిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, మూడుసార్లు చల్లి అదే ఫలితం వస్తేనే నమ్మండి. ఎర్రగా కాలే సైలెన్సర్ పైపు మీద, డిస్ట్రిబ్యూటర్ మూత మీద, ప్లగ్ తీగల మీద, కనెక్టర్ల మీద నీళ్లు పడనివ్వకండి. ప్లగ్ తీగ తడిస్తే ఇంజిన్ మిస్ అవుతుంది, మీరు దాన్ని గాలి అనుకుంటారు.

గేజి ముల్లు చెప్పేది

వాక్యూమ్ గేజిని మ్యానిఫోల్డ్ మీది ఏదైనా గొట్టం మొనకు తగిలించండి. ఇంజిన్ వేడెక్కాక, సముద్ర మట్టానికి దగ్గరలో, మంచి ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 22 అంగుళాల పాదరసం మధ్య నిలకడగా చూపిస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ఖమ్మంలో 18.5 చూపించిన మా ఇంజినే సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో 17 చూపించింది. విజయవాడ లెక్కతో మదనపల్లెలో బండిని చూసి జబ్బు ఉందనుకోకూడదు.

ముల్లు నిలకడగానే ఉండి బాగా కింద, 12 లేదా 14 దగ్గర ఉంటే గాలి లాగుతూ ఉండవచ్చు, లేదా ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, వెనకబడి ఉండవచ్చు. లెక్కగా, ఒకే లయలో కిందికి పడి లేస్తుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. గ్యాస్ మీద ఏళ్లుగా తిరిగిన ఒమ్నీలో ఇది మరిచిపోకూడని సంగతి. గ్యాస్ మీద వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి, అరిగేకొద్దీ వాల్వు క్లియరెన్సు (వాల్వుకూ దాన్ని తోసే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) తగ్గి, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆగుతుంది, అచ్చం గాలి జబ్బులా. క్లియరెన్సు సరిచేయిస్తే నయమవుతుంది, ఆలస్యం చేస్తే వాల్వు కాలిపోతుంది. ఇంజిన్‌ను కొంచెం రేస్ చేసి సుమారు 2,500 ఆర్పీఎం దగ్గర పట్టుకున్నప్పుడు ముల్లు మెల్లమెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్‌లో అడ్డం ఉంది.

స్కానర్ తగిలించుకునే వీలున్న, ఆక్సిజన్ సెన్సార్ ఉన్న బండ్లలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తన లెక్క మీద పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, చూడండి. ఎయిర్ ఫ్లో మీటర్ బండిలో ఐడ్లింగ్‌లో ట్రిమ్ 10 శాతం దాటి పైకి పోయి, 2,500 దగ్గర సున్నా వైపు దిగివస్తే దొంగగాలికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. రెండు చోట్లా ఎక్కువే ఉంటే పెట్రోలు ఒత్తిడి చూడండి.

అప్పటికీ దొరకకపోతే

ఇంజిన్ ఆపి, చల్లారాక, గాలి దారి మూతిని ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండుతో మూసి, ఒక సన్నని వాక్యూమ్ గొట్టం ద్వారా సైకిలు పంపుతో మెల్లగా గాలి ఎక్కించండి. ఊపిరితో ఊదినంత ఒత్తిడి చాలు. ఎక్కువైతే సీళ్లు, సెన్సార్లు పాడవుతాయి. అతుకులన్నిటికీ కుంచెతో సబ్బు నీళ్లు రాయండి. పంక్చర్ వేసేవాళ్లు ట్యూబును నీళ్లలో ముంచి చూసే పద్ధతే ఇది. తెరిచి ఉన్న వాల్వుల గుండా కొంత గాలి ఎలాగూ పోతుంది కనుక ఒకరు పంపు కొడుతూ ఉండగా ఇంకొకరు చూడాలి. ఇది మా బూటును పట్టించిన పరీక్ష. బుడగలు మడత అడుగు నుంచి గుత్తులుగా వచ్చాయి.

గ్యాస్ కిట్టు ఉన్నవాళ్లు మిక్సర్ రెండువైపులా ఉన్న క్లిప్పులనూ, మిక్సర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న బూటునూ తప్పకుండా సబ్బు నీళ్లతో చూడాలి. ఒక్కో సిలిండర్‌కూ విడిగా గ్యాస్ చిమ్మే సీక్వెన్షియల్ కిట్టులో అయితే ఇంజెక్టర్ గొట్టాల కోసం మ్యానిఫోల్డ్‌కు రంధ్రాలు చేసి చిన్న ఇత్తడి మొనలు బిగిస్తారు. ఆ మరలు వదులైతే ఒక్కో సిలిండర్‌కు గాలి లాగుతుంది. గ్యాస్ ఉన్న పైపుల పనిని మాత్రం కిట్టు మెకానిక్కుకే వదిలేయండి.

బాగుచేసేటప్పుడు

ఎంసీల్, ఇన్సులేషన్ టేపు, సైకిలు ట్యూబు ముక్క ఇంటికి చేరడానికి పనికొస్తాయి, అంతే. వాక్యూమ్‌కు వాక్యూమ్ గొట్టమే వేయండి. పెట్రోలుకు పెట్రోలు గొట్టమే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరును అది ఉబ్బించి, పగులగొట్టగలదు. అందుకే పెట్రోలు గొట్టాలు మార్చేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునేవి అడిగి తీసుకోండి. గొట్టం చివర చీలి, పొడవు సరిపోతుంటే, అర అంగుళం కోసి మళ్లీ ఎక్కించవచ్చు. కానీ ఒక గొట్టం పోయిందంటే దాని తోటివాళ్లదీ అదే వయసు, వాటినీ మార్చేయండి.

మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ మార్చేటప్పుడు పాతదాన్ని ఇనుప గోకుడుతో కాకుండా చెక్క ముక్కతో తీయండి. అల్యూమినియం మీద ఒక్క గీత పడినా కొత్త ప్యాకింగ్ కూడా గాలి లాగుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బిగించాలి, మధ్య నట్ల నుంచి చివర్ల వైపు, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు. బలం కొద్దీ బిగిస్తే మరలు ఊడిపోతాయి, అప్పుడు ఖర్చు పదింతలవుతుంది.

పని అయ్యాక, గతంలో ఎవరైనా తిప్పి ఉంటే ఐడిల్ స్క్రూను, కార్బురేటర్ బండిలో మిక్చర్ స్క్రూను మళ్లీ సరిచేయించండి. దొంగగాలికి అలవాటు చేసిన సర్దుబాటుతో వదిలేస్తే ఇంజిన్ ఇప్పుడు వేరే తీరున తప్పు చేస్తుంది. గ్యాస్ కిట్టును కూడా మళ్లీ ట్యూన్ చేయించాలి. ఎంపీఎఫ్ఐ బండి అయితే ఐడ్లింగ్‌లో కొంతసేపు, రోడ్డు మీద కొంతసేపు నడిపి కంప్యూటర్‌ను కొత్త లెక్కకు అలవాటు పడనివ్వండి. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక హెడ్‌లైట్లు వేసి, ఫ్యాను తిరుగుతుండగా, బ్రేకు తొక్కి వదులుతూ అయిదు నిమిషాలు నిలబెట్టి చూడండి.

నోటుబుక్‌ను ఇంకో రెండు వారాలు డ్యాష్‌బోర్డు మీదే ఉంచండి. మా నాన్న నోటుబుక్‌లో బూటు మార్చిన తేదీ తర్వాత ఆగిన వివరం ఒక్కటీ లేదు. మిగిలిన పేజీల్లో ఇప్పుడు ఏ పెళ్లికి ఎన్ని కుర్చీలు పంపారో రాసుకుంటున్నారు.